గాలి గీత

తండ్రి కనబడకుండా పోయి ఒక పగలు, ఒక రాత్రి గడిచాయి. రెండో రోజు పొద్దున్నే కూతురు మళ్ళీ ఆ మైదానానికే వచ్చి ఆయన స్కూటరు పక్కన నిలబడింది. సీటు తడిగా ఉంది. హ్యాండిలుకు తగిలించిన హెల్మెట్‌లో సాలీడు గూడు మొదలుపెట్టింది.

ఆయన సామానంతా ఎక్కడిదక్కడే ఉంది. చెక్కపెట్టె, మడత స్టూలు, నేలలో గుచ్చిన పొడవాటి కర్ర, దాని కొసన గాలి ఎటు వీస్తే అటు ఊగే సన్నటి ప్లాస్టిక్ పట్టీ. పెట్టెలో ఫోను, పర్సు, ఇన్సులిన్ పెన్ను. మనిషి లేడు. విమానమూ లేదు.

విమానమంటే బొమ్మే. రెండు మూరల రెక్కలు, అగ్గిపుల్లంత సన్నటి, బాల్సా అనే తేలిక చెక్క పుల్లలు, వాటి మీద ఉల్లిపొరలాంటి కాగితం, ముందు చెక్కిన పంకా, పొట్టలో మెలితిప్పిన రబ్బరు. ఎనభై ఏళ్ళ కిందట ఎవరో పోటీ కోసం చేసిన నమూనా అది. చిరిగిన పాత కాగితం మీద దాని ప్లాను దొరికితే, తండ్రి నెలల తరబడి కూర్చుని కొత్తగా గీసి, తనలాంటి పిచ్చివాళ్ళ గ్రూపులో పెట్టాడు. ఉద్యోగమున్నన్నాళ్ళూ కాలవల నక్షాలు గీసిన చెయ్యి. గీత గీస్తే దారం పట్టినట్టుండేది. గ్రూపులో అందరూ ఆయన్ని 'ప్లాను పెద్దాయన' అంటారు. ఎవరడిగినా పంపుతాడు, ఎవరినీ పైసా అడగడు. ఎక్కడెక్కడి వాళ్ళో ఆ ప్లాను ప్రింటు తీసుకుని, అదే విమానం చేసుకుని, ఫొటోలు పెడతారు.

కూతురికి ఇదంతా వేళాకోళంగా ఉండేది. ఆమె హోటళ్ళ దుప్పట్లు ఉతికే లాండ్రీలో షిఫ్టు చూసుకుంటుంది. రోజంతా ఆవిరిలో నిలబడి ఇంటికొస్తే బల్ల నిండా కర్రపొట్టు, గది నిండా జిగురు వాసన. ఒక్కసారి కూడా ఆయనతో మైదానానికి రాలేదు. వచ్చి ఉంటే ఇవాళ ఇలా నిలబడాల్సి వచ్చేది కాదు. కానీ ఆ సంగతి ఆమెకు ఇంకా తెలియదు.

నిన్న సాయంత్రం హెడ్ కానిస్టేబులు నవ్వలేదు గానీ, నవ్వు మీసాల దాకా వచ్చి ఆగింది. బొమ్మ వెంట పరిగెత్తి పెద్దమనిషి తప్పిపోవడమేమిటమ్మా, ఇంట్లో ఏమైనా మాటా మాటా అనుకున్నారా అని అడిగాడు. లేదని చెప్పింది. అందులో సగం అబద్ధం. మాటా మాటా అనుకోలేదు నిజమే, ముందురోజు రాత్రి నుంచీ ఆమె ఆయనతో మాట్లాడనే లేదు.

అయినా హెడ్డు పని ఎగ్గొట్టలేదు. మనుషుల్ని పెట్టి మైదానం నుంచి కాలవ దాకా చీకటి పడేవరకూ వెతికించాడు. కాలవ అవతల వెతకలేదు. ఎందుకంటే, అవతలికి పోదని ఒకరు గట్టిగా చెప్పారు.

చెప్పిన మనిషి ఇప్పుడు పాత కారు దిగి, పొడవాటి అట్టపెట్టె చంకన పెట్టుకుని, ఒక కాలు ఈడ్చుకుంటూ వస్తోంది. పళ్ళ డాక్టరమ్మ. తండ్రి ఈడు మనిషి. పళ్ళు అరగదీసే మరతోనే విమానాల పంకాలు చెక్కుతుంది. ఈ ఊళ్ళో ఆయనతో పాటు విమానం ఎగరేసేది ఆమె ఒక్కతే. అయినా ఇద్దరికీ నాలుగు నెలలుగా మాటల్లేవు. అందరికీ పంపిన ప్లానులో తోక ఒక కొలత, తను చేసుకున్న విమానానికి ఇంకొంచెం పెద్ద తోక. ఫొటో చూసి డాక్టరమ్మ పట్టేసింది. తన ప్లాను మీద తనకే నమ్మకం లేనివాడు ఊరందరికీ ఎందుకు పంచాడని గ్రూపులో కడిగేసింది. ఆయన అలిగాడు. ఈమె ఇంకా ఎక్కువ అలిగింది.

"రాత్రి తిండి తిన్నావా?" అంది వస్తూనే.

కూతురు తలాడించింది. తినలేదని ఇద్దరికీ తెలుసు.

ఇన్సులిన్ వేసుకోక పూటలు గడిచిపోతున్నాయి. ఇంటి డాక్టరు ఫోనులో మెత్తగానే చెప్పాడు, రెండో రాత్రి బయట గడిస్తే ఆశ పెట్టుకోవద్దని. పోలీసు కుక్కల్ని తెప్పిస్తున్నామని హెడ్డు అన్నాడు, అవి వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుందట. మధ్యాహ్నానికి వాన. కొండ మీద మబ్బు అప్పుడే నల్లగా కూర్చుని ఉంది.

డాక్టరమ్మ స్టూలు మీద కూర్చుని అట్టపెట్టె విప్పింది. లోపల తండ్రి విమానమే ఉన్నట్టుంది. అదే ముక్కు, అదే రెక్క, కాగితం రంగు ఒక్కటే వేరు.

"మీ నాన్న ఎటు పోయాడో మనకి తెలీదు," అంది డాక్టరమ్మ. "దేని వెనక పోయాడో తెలుసు. ఆ ప్లానుతోనే చేసింది ఇది. ఇక్కడ పొద్దుటి గాలి కొండ దిగి రోజూ ఒకే దారిన పోతుంది. నిన్నటి వేళకే, నిన్నటి చోటు నుంచే వదులుదాం. ఇది ఎటు పోతే అటు పోదాం."

"దొరుకుతాడా?"

"ఇది లెక్క కాదమ్మాయ్. ఆశ. వాన పడితే అదీ ఉండదు."

గాలి ఎత్తుకుపోకుండా ఈ విమానాలకు ఒక ఉపాయం ఉందని చెప్పింది. తోక దగ్గర చిన్న రబ్బరు బ్యాండు, దాని కింద దూర్చిన నూలు వత్తి. వదిలే ముందు వత్తి కొస అంటిస్తారు. అది ఊదొత్తిలా నిదానంగా కాలుతూ పోయి బ్యాండుని తెంపుతుంది. తోక నిటారుగా లేస్తుంది, విమానం పట్టు తప్పి గొడుగులా దిగిపోతుంది. ఆ వత్తి కాలేంతసేపట్లో ఏ విమానమూ కాలవ దాటదు. నిన్న క్లినిక్‌లో ఎవరి పళ్ళో పట్టుకుని ఉండగా పోలీసులు ఫోను చేస్తే, ఆ ధైర్యంతోనే కాలవ ఇవతలే చూడమంది.

"వత్తి తేవడం మర్చిపోయాను. మీ నాన్న పెట్టెలో ఉంటుంది చూడు."

కూతురు పెట్టె మూత ఎత్తింది. నిన్న పోలీసులు ఫోను కోసం తెరిచి మూసిన పెట్టె. వత్తి చుట్ట ఉంది. దాని పక్కన వేలెడు ముక్క ఒకటి కోసి, ఎగిరిపోకుండా మీద చిన్న రాయి పెట్టి ఉంది.

డాక్టరమ్మ ఆ ముక్క అందుకుని రెండు కొసలూ చూసింది. రెండూ తెల్లగా ఉన్నాయి.

"ఇదేమిటి, కోసి పెట్టుకుని అంటించలేదు," అంది నెమ్మదిగా. పెట్టెలో గొట్టాలు, బ్లేళ్ళు, జిగురు సీసా పక్కకి నెట్టింది. మళ్ళీ నెట్టింది. "అగ్గిపెట్టె ఏదీ? ఈ అరలోనే కదా పెడతాడు ఎప్పుడూ."

కూతురి చెయ్యి తన బ్యాగు మీదకి పోయింది.

అగ్గిపెట్టె ఆమె హ్యాండ్‌బ్యాగులో ఉంది. మొన్న రాత్రి కత్తెర కోసం ఆయన పెట్టె తెరిస్తే కనిపించింది. చాన్నాళ్ళుగా ఆయన చొక్కాకి పొగవాసన వస్తోంది. జేబులో కాలిన పుల్లలు దొరుకుతున్నాయి. గుండెకి స్టెంటు వేసినప్పుడు సిగరెట్టు మానేస్తానని ఆమె తల మీద చెయ్యి పెట్టి చెప్పిన మనిషి. అగ్గిపెట్టె తీసి బ్యాగులో వేసుకుంది. అడుగుతాడు కదా, అప్పుడు కడిగేద్దామనుకుంది. నిన్న పొద్దున లాండ్రీలో ఉండగా ఆయన ఫోను చేశాడు. పేరు చూసి కావాలనే ఎత్తలేదు. ఆ ఒక్క ఫోనూ రాత్రంతా చెవిలో మోగుతూనే ఉంది. చివరిసారి ఏం చెప్పబోయాడో, ఎక్కడైనా నొప్పి వచ్చిందేమో అని.

ఏమీ చెప్పబోలేదు. అగ్గిపెట్టె ఎక్కడుందని అడగబోయాడు.

బ్యాగు తెరిచి అగ్గిపెట్టెను అరచేతిలో పెట్టి చూపించింది. సిగరెట్టు అనుకున్నానంది.

డాక్టరమ్మ దాని వంక చూసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే నయంగా ఉండేది.

"పొద్దుటి చలిలో ఏం పైకి లేస్తుందిలే, ఒక్కసారి వదిలి చూద్దాం అనుకుని ఉంటాడు," అంది. "వేడిగాలి తగులుకుంది. వత్తి లేదు. కాలవ దాటి పోయింది, వెనకే ఆయనా పోయాడు. నేనేమో కాలవ దగ్గరే ఆగిపొమ్మన్నాను. నీదొకటి, నాదొకటి. సరిపోయింది."

ఆమె అగ్గిపెట్టె ముట్టుకోలేదు. చేతి మరకి రబ్బరు తగిలించి, కూతుర్ని విమానం ముక్కు పట్టుకోమని, వెనక్కి జరుగుతూ తిప్పడం మొదలుపెట్టింది. రబ్బరు ముడి మీద ముడి పడి కీచుమంటోంది.

"డాక్టరుగారూ, వత్తి?"

"వత్తి పెడితే కాలవ ఇవతల దిగుతుంది. ఏం లాభం?"

"లేకపోతే ఇది పోతుంది కదా."

"పోతుంది. చలికాలమంతా కూర్చుని చేశాను," అంది, తిప్పడం ఆపకుండా. "గాలికి పోయే పేలపిండి అనుకుంటాలే."

తర్వాత ఎదురుచూడటం. కర్ర కొసన పట్టీ ఒక పక్కకి ఊగుతోంది. డాక్టరమ్మ కళ్ళు మూసుకుని చెంప గాలికి పెట్టింది. కూతురి చూపు మబ్బు మీదే ఉంది, అది కొండ భుజం దిగుతోంది. ఇప్పుడు వదలండి అనాలని నోటిదాకా వచ్చింది, పంటి బిగువున ఆపుకుంది. ఉన్నట్టుండి గాలి ఆగింది. చెంపకి ఎవరో ఊపిరి వదిలినట్టు వెచ్చగా తగిలింది. పట్టీ నిలువునా పైకి లేచింది.

డాక్టరమ్మ చెయ్యి వదిలింది.

విమానం గిరగిరా రెండు చుట్లు తిరిగి, పొగలా పైకి పోయింది. పంకా ఆగాక కూడా దిగలేదు. ఇంకా లేస్తోంది, లేస్తూ కాలవ వైపు జరుగుతోంది.

"మాకొక నియమం ఉంది. వెంట పోయేవాడు కన్ను తిప్పకూడదు. ఒక్కసారి నేల చూశావా, మళ్ళీ ఆకాశంలో దొరకదు." మాట్లాడుతూనే డాక్టరమ్మ నడక మొదలుపెట్టింది, మెడ పైకెత్తి. "ఇలాగే కదా ఆయనా పోయి ఉంటాడు, కళ్ళు నెత్తికెక్కించుకుని. నువ్వు పైకి చూడకు. నేను దాన్ని చూస్తాను, నువ్వు నేల చూడు. నన్ను లాక్కుపో."

కూతురు ఆమె చెయ్యి పట్టుకుంది.

మైదానంలో పరుగు. రాళ్ళు, గుంటలు, తెగిన ముళ్ళకంచె. "ఎడమకి, రాయి, కాలెత్తండి." డాక్టరమ్మ ఏది చెబితే అది చేస్తోంది గుడ్డిదానిలా, దృష్టి మాత్రం పైనే. మోకాలు నొప్పికి పళ్ళు కొరుకుతోంది. అప్పుడప్పుడూ దిక్కు చెబుతోంది. నీళ్ళ ట్యాంకు వెనక పెట్టుకో, ఎదర ఒంటి పొగగొట్టం, ఆ రెంటికీ మధ్య గీత గీసినట్టు పోతోంది, అదే గాలి గీత, దాన్ని వదలకు అంది.

కాలవకి అక్కడ వంతెన లేదు, ఉన్నది చాలా దూరం. ఒడ్డు నుంచి ఒడ్డుకి నీళ్ళ పైపు ఒక్కటే ఉంది, మనిషి నడుమంత లావు. కూతురు దాని మీదకెక్కి, వెనక్కి తిరిగి, డాక్టరమ్మ రెండు చేతులూ పట్టుకుని వెనకడుగులు వేసింది. ఆమె కిందికి చూడటం లేదు. కాళ్ళు వణుకుతున్నాయి, కళ్ళు కదలడం లేదు. మధ్యలో మడమ జారింది. కూతురు తూలి నిలదొక్కుకుంది. జేబులో ఫోను నీళ్ళల్లో బుడుంగుమంది. ఇద్దరూ ఆగలేదు.

అవతలి ఒడ్డున బురద. బురదలో గుడ్డ బూటు ఒకటి, ఎడమ కాలిది, లేసు ముడి విప్పకుండానే దిగబడిపోయి ఉంది. పోయిన పుట్టినరోజుకి ఆమే కొన్న బూటు.

"నాన్నది," అంది. ఏడుపు వచ్చింది, ఏడవడానికి తీరిక లేదు. "ఇటే వచ్చాడు. విమానం కనిపిస్తోందా?"

"చుక్కలా ఉంది. నడువు."

ఇక్కడి నుంచి మూతపడ్డ ఇటుక బట్టీ భూములు. మనిషెత్తు గడ్డి. లోపలికి దిగితే పొగగొట్టం కొస తప్ప ఇంకేమీ కనిపించదు. కూతురు ఒక చేత్తో గడ్డి చీలుస్తూ, ఇంకో చేత్తో డాక్టరమ్మను లాగుతూ పోతోంది. ప్రతి అడుక్కీ పైకి చూడాలనిపిస్తోంది. విమానం ఉందో లేదో, ఇదంతా దేని వెనకో. చూడలేదు. నేల, గడ్డి, నేల. గడ్డి కోసి ముంజేతుల నిండా నెత్తురు గీతలు. నాన్నా అని కేక పెట్టింది. బదులు లేదు. గాలి గొంతు మార్చింది, వాన వాసన వస్తోంది.

"తొందరగా," అంది డాక్టరమ్మ. "మబ్బులోకి పోతోంది. తొందరగా."

ఆమె ఊపు పెంచింది. ఇప్పుడు ఆమే కూతుర్ని ముందుకి నెడుతోంది. సరిగ్గా అప్పుడే కూతురి పాదం కింద నేల మెత్తగా కుంగింది. ఎదర గడ్డి ఇటువైపు గడ్డంత ఎత్తే ఉంది, కానీ ఆ గడ్డి మొదళ్ళు కనిపించడం లేదు. కూతురు వెనక్కి పడిపోతూ డాక్టరమ్మ నడుం రెండు చేతులా పట్టుకుని లాగింది. ఇద్దరూ గడ్డిలో వెల్లకిలా పడ్డారు.

డాక్టరమ్మ పడ్డచోటు నుంచే కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశం వెతికింది. కాసేపటికి చెయ్యి కిందికి దించింది.

"పోయింది," అంది.

కూతురు మోకాళ్ళ మీద పాకి గడ్డి రెండు పక్కలకీ తీసింది. కింద గొయ్యి. ఇటుకల మట్టి కోసం తవ్వి వదిలేసిన గొయ్యి, ఇద్దరు మనుషుల లోతు, అంచు నిండా గడ్డి వాలి మూతలా కప్పేసింది. అంచు ఒకచోట కొత్తగా విరిగి ఉంది. అడుగున బురదనీళ్ళు. ఆ నీళ్ళల్లో తొడలు మునిగేలా కూలబడి, గోడకి ఆనుకుని, గడ్డం గుండెల మీద వాల్చి ఒక మనిషి.

"నాన్నా."

కదలలేదు. ఆమె అంచు మీంచి ఇంకొంచెం కిందికి వంగింది.

ఒక వేలు లేచింది. చెయ్యి కాదు, ఒక్క వేలు.

ఆమె ఎలా దిగిందో ఆమెకే తెలియదు. సగం జారింది, సగం పడింది. ఆయన ఒళ్ళు రాయిలా చల్లగా ఉంది. కుడికాలు వంగకూడని వైపు వంగి ఉంది. నోరు పిడచగట్టుకుపోయింది. అరిచి అరిచి గొంతు పోయింది, ఊపిరితో పాటు గరగర తప్ప మాట రావడం లేదు. తన లాండ్రీ కోటు విప్పి కప్పి, వెనక కూర్చుని ఆయన్ని గుండెకి అదుముకుంది. పైనుంచి డాక్టరమ్మ కేకేసింది, ఇన్సులిన్ పెన్ను ఉంటే ఇప్పుడు వెయ్యకు, అంబులెన్సు వాళ్ళు చూసి వేస్తారు, ముందు ఒళ్ళు వెచ్చబెట్టు అని.

డాక్టరమ్మది బటన్ల ఫోను, గ్రూపు కూడా క్లినిక్ కంప్యూటర్లోనే చూస్తుంది, ఉన్నచోటు మ్యాపులో పంపే వీల్లేదు. అంబులెన్సుకి చెప్పింది. ఎక్కడున్నారని వాళ్ళడిగారు. కాలవ దాటాక గడ్డిలో అంది. ఏ రోడ్డు పక్కన అన్నారు. రోడ్డు లేదంది. ట్యాంకుకీ పొగగొట్టానికీ మధ్య గీత గీసుకుని దాని మీద రమ్మంది. అటుపక్క మనిషికి ఏమీ ఎక్కలేదు. చివరికి అరిచినంత పని చేసింది:

"పొగ పెడతాను. పొగ చూసుకుని రండి."

ఫోను మూసి గోతిలోకి తొంగి చూసింది. "అమ్మాయ్, అగ్గిపెట్టె నీ బ్యాగులోనే ఉందా?"

ఉంది. మెడలో అడ్డంగా వేసుకున్న బ్యాగు, జారినా తడవలేదు. కూతురు అగ్గిపెట్టె తీసి పైకి విసిరింది. మొదటిసారి గోడకి తగిలి వెనక్కొచ్చింది. నీళ్ళల్లో పడకముందే పట్టుకుంది. రెండోసారి అంచు దాటింది.

మొదటి చినుకు ఆమె నుదుటి మీద పడింది.

పైన గడ్డి పీకుతున్న చప్పుడు, అడుగున ఎండుది, మీద పచ్చిది. పుల్ల గీసిన చప్పుడు. ఆరిపోయింది. ఇంకోటి. అదీ ఆరింది. డాక్టరమ్మ నోటి నుంచి డాక్టర్లు అనకూడని మాటొకటి వచ్చింది. తర్వాత కాగితం మడత విప్పుతున్న చప్పుడు. విమానం సరిచూసుకోవడానికని జేబులో పెట్టుకొచ్చిన ప్లాను.

"ఇదిగో పెద్దాయనా," అంది పైనుంచి, నాలుగు నెలల తర్వాత మొదటి మాట. "నీ ప్లాను తగలబెడుతున్నాను. ఏం పర్లేదు, ఊరూరా ఉంది. నువ్వు లేచాక తోక అసలు కొలత వేసి మళ్ళీ పంపు."

కాగితం భగ్గుమంది. కాసేపటికి గోతి అంచు మీంచి తెల్లటి పొగ దట్టంగా లేచింది. గాలి అప్పటికే తిరగబడింది. పొగ వాళ్ళొచ్చిన గీత మీదుగానే, కాలవ వైపు, మైదానం వైపు వాలిపోతోంది. చినుకులు దగ్గరయ్యాయి. ఎక్కడో దూరంగా అంబులెన్సు హారను వినిపించింది, ఆగింది. డాక్టరమ్మ ఇంకా గడ్డి వేస్తూనే ఉంది.

ఆ వాసన ఆయన ముక్కుకి తగిలినట్టుంది. కళ్ళు సగం తెరిచాడు. పెదాలు కదిలాయి. కూతురు చెవి ఆయన నోటి దగ్గర పెట్టింది.

"అగ్గిపెట్టె..." అన్నాడు. "ఇంట్లో మర్చిపోయాను, తల్లీ. పెట్టెంతా వెతికాను."

"నువ్వు మర్చిపోలేదు నాన్నా. నేనే తీశాను. నా దగ్గరే ఉంది."

ఎందుకని అడగలేదు. ఆయనకి తెలిసిపోయింది.

"సిగరెట్టు కాదే, పిచ్చిదానా," అన్నాడు.

"తెలిసింది," అంది. ఆయన రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని రుద్దడం మొదలుపెట్టింది. పైన హారను మళ్ళీ మోగింది, ఈసారి కాలవ దాటి, వాళ్ళున్న వైపున.